చూచుటయు, ఉండుటయు

భారతమున ఆదిపర్వములోని కుమారాస్త్రవిద్యాప్రదర్శన ఘట్టమును చదువువారు సాధారణముగా కర్ణుని ప్రవేశమునకై తొందరపడుదురు గాని, దానికి ముందు చెప్పబడిన ఒక చిన్న విషయముపై చూపు నిలుపరు. ద్రోణుడు తన శిష్యుల విద్యను పురజనులకు చూపింపనెంచి, నేల చదును చేయించి, రంగమును కొలిపించగా, రాజునకును అంతఃపుర స్త్రీలకును ప్రేక్షాగారము సిద్ధమయ్యెను. ఆ దినమున హస్తినాపురపు జనమంతయు కదలివచ్చెను. వారితోపాటు జన్మాంధుడైన ధృతరాష్ట్రుడును, కన్నులకు గంతలు కట్టుకొన్న గాంధారియు వచ్చి కూర్చుండిరి. రంగమున జరుగునదెల్ల విదురుడు రాజునకును, కుంతి గాంధారికిని చెప్పుచుండిరి. సాయంకాలమున విదురుని మందిరమునకు పిలిపించుకొని ఆ మాటలనే వినియున్నచో రాజునకు కలుగు లోపమేమి? ఇదే రాజు, అనేక సంవత్సరముల పిమ్మట, కురుక్షేత్రమును చూచుటకు వ్యాసుడు చూపునిచ్చెదననగా, జ్ఞాతివధను చూడజాలనని చెప్పి, సంజయుని నోట వినుటకే ఒప్పుకొనెను. చూడలేనివాడై రంగమునకు పోయెను. చూడగల అవకాశము వచ్చినప్పుడు ఇంట కూర్చుండెను.

క్రీడలను పోయి చూచుట మేలా, ఇంట టెలివిజను ముందు కూర్చుండి చూచుట మేలా అను మాట వచ్చినప్పుడు మనవారు వెంటనే టిక్కెట్టు ధరను, ఎండను, బండి నిలుపుకొను చోటును లెక్కవేయ మొదలిడుదురు. అవి అల్పవిషయములని నేననను. కాని ఆ లెక్కలన్నియు, ఇందు చూచుటయే ప్రధానమను ఊహపై నిలిచినవి. ఆ ఊహయే నిజమైనచో అంధరాజు రంగమునకు పోవుట కేవలము పరిహాసాస్పదము కావలెను. వ్యాసుడు దానిని పరిహాసముగా చెప్పలేదు.

చూపు విషయమున ఇంటిదే పైచేయి. ఇందు వాదమునకు తావు లేదు. బౌలరు వ్రేళ్ళు బంతి కుట్టుపై ఎట్లు ఆనియున్నవో, ఆ బంతి బ్యాటు అంచును తాకినదో ప్యాడును తాకినదో, ఇంటనున్నవానికి నాలుగు దిక్కులనుండి, మెల్లగా, మరల మరల చూపబడును. వికెట్లకడ అమర్చిన మైకు వలన ఆటగాండ్రు తమలో తామాడుకొను మాటలు కూడ వానికి చేరును. ఉప్పల్ స్టేడియములో పైమెట్లపై కూర్చున్నవానికి ఇందులో ఒక్కటియు లేదు. వానికి బంతి తరచుగా కనబడనే కనబడదు; ఫీల్డరు పరుగెత్తిన దిక్కును బట్టి అది ఎటు పోయినదో ఊహించుకొనును. అంతేకాదు, వాని చూపునకును వినికిడికిని పొత్తు కుదరదు: బ్యాటు ఊగి, బంతి వెడలి, బ్యాటరు అడుగు కదిపిన పిదప గాని 'టక్కు'మను చప్పుడు చెవిని చేరదు. నూరు మీటర్ల దూరమును దాటుటకు ధ్వనికి సెకనులో ఇంచుమించు మూడవవంతు పట్టును గదా. ఇంటివానికి మైకు ఆ ఎడమును చెరిపివేసి, దెబ్బను చప్పుడును ఒక్కటిగా కూర్చి యిచ్చును. మైదానమున లోకము తన దూరములతో సహా ఉన్నది. ఇంట ఆ దూరములను తీసివేసిన లోకమున్నది. చూచుటకు రెండవదే అనుకూలము.

అయితే ఇంటివాడు చూచుచున్నది ఎప్పటి ఆటను? ఉపగ్రహమును, కేబులును, అంతర్జాలమును దాటి వచ్చు బొమ్మ కొన్ని సెకనులు వెనుకబడియుండును. అదియు అన్ని యిండ్లలో ఒకే తీరున కాదు. అపార్టుమెంటులలో కాపురముండువారికి ఇది అనుభవమే. మన తెరపై బౌలరు ఇంకను పరుగు మొదలిడకమునుపే పై అంతస్తునుండి 'ఔట్!' అను కేక వినబడును. ఆ తరువాత మనకు కనబడు వికెట్టు, జరుగుచున్నది కాక, జరిగిపోయి మనకొరకు దారిలో నున్నది. ప్రత్యక్షమునకు ఇంద్రియార్థ సన్నికర్షము కావలెనని నైయాయికులు చెప్పిరి. మన కంటికి తెరతో సన్నికర్షము కలదు గాని ఆటతో లేదు. దీనిని ప్రత్యక్షమనవలెనా, సంజయుని మాట వలె ఆప్తవాక్యమనవలెనా అని గౌతముని సంప్రదాయమువారు నేడు ఉండినచో ఒక వాదగ్రంథమే వ్రాసియుందురు. నాకు మాత్రము ఇది కంటితో వినెడి ఆప్తవాక్యమని తోచుచున్నది.

పునఃప్రదర్శనమునకు అలవాటుపడినవానికి ఒక్కమారే జరుగునది యొకటి కలదను సంగతియే మరపునకు వచ్చును. 1983 జూన్ 18న ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వేతో జరిగిన ప్రపంచకప్పు ఆటలో భారతజట్టు 17 పరుగులకే 5 వికెట్లు కోలుపోయియుండగా, కపిల్‌దేవ్ నిలిచి, కడవరకు ఔటుగాక, 175 పరుగులు చేసెను. ఆ ఆటను ఏ టెలివిజను కెమెరాయు పట్టలేదు. ఆ చిన్న మైదానము చుట్టు ఆ దినమున కూర్చున్నవారికి తప్ప ఆ ఇన్నింగ్సు ఎవ్వరికిని దృశ్యము కాదు; తక్కిన మనకందరకు అది వినికిడి, ఒక అంకెల పట్టిక. దీనివలన దాని విలువ తగ్గలేదు సరిగదా, కోరినప్పుడెల్ల చూడదగిన ఇన్నింగ్సులకు లేని గౌరవమొకటి దానికి దక్కినది. (తరువాత సినిమావారు దానిని నటించి చూపిరి, అది వేరు సంగతి.)

వేదాంతమున పరిచయముగల మిత్రుడొకడు ఇంటిపక్షమును మరింత ఎత్తునకు కొనిపోయెను. ఉపనిషత్తులో ఒకే చెట్టుపై రెండు పక్షులున్నవి గదా, ఒకటి ఫలమును తినును, రెండవది తినక చూచుచుండును; స్టేడియమునకు పోయి గొంతు చించుకొనువాడు మొదటి పక్షి, ఇంట కదలక కూర్చుండి చూచువాడు రెండవ పక్షి, కావున ఇంటివాడే సాక్షిభావమునకు చేరువ అని అతని సిద్ధాంతము. వినుటకు సొంపుగానే యున్నది. కాని ఆ రెండవ పక్షికి తన జట్టు లేదు. ఇంటివానికి జట్టు కలదు, ఆశ కలదు, క్రోధము కలదు, ప్రక్కన వేయించిన పల్లీలు కూడ కలవు. లేనిదల్లా తాను చూచుదానిపై రవంత అధికారము. అనగా అతడు భోక్తయే గాని కర్త కాడు. కర్మను చేసి ఫలమును విడుచువానిని మన శాస్త్రములు వేనోళ్ళ పొగడినవి. కర్మలో పాలులేక ఫలమును మాత్రము అనుభవింప కూర్చున్నవానికి అవి ఏ ఆశ్రమమునందును పీట వేసినట్లు నాకు కనబడలేదు.

ఈ అధికారలోపమును ఇంటివాడు లోలోపల ఓర్వజాలడనుటకు మన యిండ్లలో జరుగు తంతు ఒకటి నిదర్శనము. ఫైనలు ఆట కొసకు వచ్చినది. మేనత్త గరిటె చేతబట్టుకొని వంటయింటి గడపపై నిలువబడి ఒక్క నిమిషము తొంగిచూచినది. సరిగా అప్పుడే మన బ్యాటరు సిక్సరు కొట్టెను. ఇక ఆమెకు విముక్తి లేదు. "అత్తా, కదలకు! నువ్వక్కడ నిలబడితేనే పరుగులొస్తున్నాయి" అని మేనల్లుడు కేకవేయును. "ఓరి నీ క్రికెట్టు మండా, లోపల పోపు మాడిపోతోందిరా" అని ఆమె అనుచునే, ఓవరు ముగియువరకు గడప దిగదు. కాలుపై కాలు వేసికొని యున్నవాడు కాలు తీయడు. నిరుటి ఓటమినాడు తొడిగిన చొక్కాను ఇంకొకడు మరల తొడుగడు. అందరును చదువుకొన్నవారే. చేసిన యాగమునకును, కాలాంతరమున కలుగు ఫలమునకును నడుమ అపూర్వమను కంటికి కానరాని లంకెను మీమాంసకులు చెప్పిరి. మన మేనల్లుడు గరిటెకును సిక్సరునకును నడుమ దానినే ప్రతిష్ఠించుచున్నాడు. నవ్వవచ్చును గాని, ఇది కర్తృత్వమునకై చేయు ఆక్రందనము. తన చేయి అందని చోట జరుగుదానిలో తనకును ఒక చేయి ఉండవలెనని వాడు కోరుచున్నాడు. మైదానముననే ఉండినచో వానికి ఈ తంత్రమంతయు అక్కరలేదు. ఒక్క కేక చాలును.

మైదానమునకు పోయినవానికి ఆ చేయి దక్కును. దానితోనే తగిన పాపపుణ్యములును దక్కును. నేను చెప్పదలచినదంతయు ఇదియే. మన ధర్మశాస్త్రములు సభను గూర్చి మిక్కిలి కఠినముగా మాటలాడినవి. సభకు పోకుండుటయైనను మేలు, పోయినచో న్యాయమునే పలుకవలెను, అధర్మము జరుగుచుండగా నోరు మెదపనివానికి అందులో భాగము కలదు అనునది మనువు చెప్పినదాని సారము. ద్రౌపదిని సభకు ఈడ్చి తెచ్చినప్పుడు విదురుడు ఈ ధర్మమునే సభ్యులకు గుర్తుచేసెను. ఆ దినమును పురస్కరించుకొని భీష్మద్రోణులపై లోకము నేటికిని మోపుచున్న నింద, వారు చేసిన పనికి గాదు, వారచట ఉండి ఊరకుండుటకు. దివ్యదృష్టితో అంతటి రక్తపాతమును చూచిన సంజయునిపై ఎవ్వరును నింద వేయలేదు. క్రీడాస్థలము న్యాయసభ కాదు, నిజమే. ద్రౌపది గోడు ప్రక్కన బంతియాటను నిలుపుట భావ్యము కాదనియు నేనెరుగుదును. ఐనను అచట ఉండుటవలన కలుగు భాగము రెండుచోట్లను ఒక్క జాతిదే.

1999 జనవరి 31న చెన్నపట్టణమున చెపాక్ మైదానములో జరిగినది చూడుడు. పాకిస్తానుతో టెస్టు; ఆ పర్యటన వలదని ఢిల్లీలో పిచ్‌ను త్రవ్విపోసిన దినములవి. భారతజట్టునకు 271 పరుగులు కావలెను. 82కే 5 వికెట్లు పడగా, టెండూల్కరు వెన్నునొప్పిని ఓర్చుకొనుచు 136 చేసి, ఇంక 17 పరుగులు మిగిలియుండగా సక్లయిన్ ముష్తాక్ బంతికి ఔటయ్యెను. తక్కిన ముగ్గురును కలిసి చేర్చినది నాలుగు పరుగులు. 12 పరుగులతో ఓటమి. అంతటి జనసమూహమునకు మొదట నోటమాట రాలేదు. పిమ్మట వారు లేచి నిలువబడి, గెలిచిన జట్టునకు చప్పట్లు చరచిరి. వసీం అక్రం తనవారిని వెంటబెట్టుకొని మైదానము చుట్టివచ్చి ఆ మన్ననను అందుకొనెను. ఆనాడు ఇండ్లలో చూచుచున్నవారిలోను, పరదేశమువారైననేమి, చక్కగా ఆడిరి అనుకొన్న ఉదారులు లేకపోలేదు. వారి ఔదార్యము గదిలోనే యుండిపోయినది. వసీం అక్రమునకు చేరలేదు, ఆ ఆట చరిత్రలో ఒక పంక్తి కాలేదు.

మూడు వారములు గడవకమునుపే కలకత్తాలో, ఈడెన్ గార్డెన్సులో, మరల అవే రెండు జట్లు. టెండూల్కరు పరుగు తీయుచు, వికెట్లకడ షోయబ్ అఖ్తరుతో ఒరసికొని, రనౌటయ్యెను. నిబంధన ప్రకారము అది ఔటే. జనము చేతికందినదెల్ల మైదానములోనికి విసరిరి. శాంతింపుడని బతిమాలుటకు టెండూల్కరే తిరిగి బయటికి రావలసివచ్చెను. మరునాడు అల్లరి మరల రేగగా పోలీసులు మెట్లన్నియు ఖాళీ చేయించిరి. ఇంచుమించు శూన్యమైన ఆ మహామైదానములో పాకిస్తాను 46 పరుగులతో గెలిచెను. ఆ రెండు జనసమూహములును ఒకే దేశమువి, ఒకే ఆటగానిని ప్రేమించునవి. ఒకటి పుణ్యము కట్టుకొన్నది, ఒకటి పాపము మూటగట్టుకొన్నది. ఇంటివాడు రెండింటికిని వెలి. ఈడెనులో ఏమియు విసరక చేతులు కట్టుకొని కూర్చున్నవాడు కూడ ఆ దినమున తక్కినవారితోపాటు వెడలగొట్టబడియుండును. అన్యాయమే, కాని సభలో ఉండుటయనగా ఆ అన్యాయమునకు కూడ లోబడియుండుట.

ఈ విషయమున బలరాముని గాథ నన్ను తరచు ఆలోచింపజేయును. ఇరుపక్షములును తనవే యగుటచే అతడు యుద్ధమునకు దూరముగా తీర్థయాత్ర వెడలెను. కడపటి దినమున, తన శిష్యులిద్దరును గదలతో పోరాడబోవుచున్నారని విని, చూచుటకు వచ్చెను. అచటినుండి సమంతపంచకమునకు పోయి పోరాడుట మంచిదని చెప్పినవాడును అతడే. అందరును చుట్టును కూర్చుండిరి. నాభికి దిగువను కొట్టరాదనునది గదాయుద్ధ నియమము; భీముడు తొడలు విరుగగొట్టెను. యుద్ధమున అంతకుమునుపు జరిగిన అధర్మముల వార్తలు తీర్థములలో తిరుగుచున్న బలరామునికి చెవినిబడియేయుండవచ్చును. వానికై అతడు నాగలి ఎత్తలేదు. ఇప్పుడెత్తెను. కృష్ణుడు కౌగిలించి ఆపి, ఎన్నియో న్యాయములు చెప్పెను గాని, అతడు సమాధానపడక రథమెక్కి ద్వారకకు పోయెను. విన్నదానికి రాని కోపము, తాను కూర్చున్న వలయములో జరిగినదానికి వచ్చెను. అది కేవలము కన్నులవలన వచ్చినదని నేననుకొనను. ఆ నియమమును కాపాడుటకు తానచట కూర్చుండుటయే పూచీ అని అతడు తలచియుండెను.

ఆటగానికి మనము కావలెనా అనునది వేరొక ప్రశ్న. మహమ్మారి వచ్చిన 2020లో ఐపీఎల్ ఎడారిదేశమునకు తరలి, శూన్యమైన మెట్ల నడుమ జరుగగా, ఇంటివారికి వెలితి తోపకుండ, మునుపు ఎప్పుడో పట్టియుంచిన జనఘోషను ప్రసారమున కలిపిరి. ఎవ్వరి కేకలో, ఏ ఆటకు వేసినవో, ఏ ఆటకో అతికింపబడినవి. ఐరోపా ఫుట్‌బాలులో ఆ కాలమున సొంతగడ్డ జట్లకు గల ఆధిక్యము కొంత తగ్గినదనియు, పరాయిజట్టును దండించుటలో రెఫరీల చేయి మెత్తబడినదనియు పరిశీలకులు గమనించిరి. అనగా మునుపు ఆ తీర్పులలో ప్రేక్షకుల గొంతు కూడ కలిసియుండెనన్నమాట. దీనికి ఎదురు, 2021 ఆగస్టు 1న టోక్యోలో ప్రేక్షకులు లేని మందిరమున మన సింధు 21-13, 21-15తో చైనా క్రీడాకారిణి హె బింగ్జియావోను ఓడించి కాంస్యము గెలిచినప్పుడు, ఆమె ఆటకు ఏ లోపమును రాలేదు. నిష్ఠగల ఆటగానికి మనము అక్కరలేకపోవచ్చును.

ఇచట కొందరు తిరుమల దర్శనమును ఉపమానముగా తెచ్చుదురు. కల్యాణోత్సవమును టెలివిజనులో చూచినవారే మరల కొండకు పోయి గంటలకొలది క్యూలో నిలువబడుదురు గదా అందురు. నాకా పోలిక నచ్చదు. మనము పోకున్నను స్వామికి కొరత లేదు, మన ప్రవర్తనచే ఆయన వైభవము పెరుగదు, తరుగదు. చెపాక్‌లోను ఈడెనులోను అట్లు కాదు.

ఇంత చెప్పినందున అందరును స్టేడియములకు పరుగెత్తవలెనని నా మతము కాదు. 2025 జూన్ 4న బెంగళూరులో చిన్నస్వామి స్టేడియము వెలుపల, గెలిచివచ్చిన జట్టును చూచుటకు మూగిన జనములో తొక్కిసలాట జరిగి 11 మంది ప్రాణములు కోలుపోయిరి. ఒడలు క్షేమముగా పోయి రాజాలని చోట సన్నిధిని గూర్చిన మీమాంస వ్యర్థము. వృద్ధులు, రోగులు, ఆ ధర పెట్టలేనివారు ఇంట చూచినచో దోషమేమి? పోకుండుటను మనువే మొదటి మార్గముగా ఒప్పుకొన్నాడు. దోషము కొంత ఉన్నచో, పోయియు అచట లేనివారిది. నేడు మెట్లపై కూర్చున్నవారిలో ఎందరో ఫోనును ఎదుట నిలిపి, ఆ చిన్న తెరలోనుండి ఆటను చూచుచు, కెమెరా తమవైపు తిరిగినప్పుడు మాత్రము లేచి చేతులూపుదురు. ఎప్పుడు అరవవలెనో పెద్ద తెర చెప్పును, అరచుదురు. వీరు వేలకు వేలు పోసి తమ ముందుగదిని మైదానమునకు మోసికొని వచ్చినవారు.

ఇంట చూచుట చాలునా అను ప్రశ్నకు నేను విన్న సమాధానములలో మిక్కిలి దృఢమైనది పండితులది కాదు, ఇరాను స్త్రీలది. 1979 విప్లవము తరువాత దశాబ్దములపాటు వారికి ఫుట్‌బాలు స్టేడియములలో ప్రవేశము లేకపోయెను. ఆటలు టెలివిజనులో వారికి కనబడుచునే యుండెను. చూచుటకు అడ్డు లేదు, ఉండుటకే అడ్డు. ఐనను కొందరు మగవేషము వేసికొని లోనికి పోజూచిరి, పట్టుబడిరి. అట్లు పట్టుబడిన యువతి యొకతె 2019లో న్యాయస్థానము ఎదుట నిప్పంటించుకొని మరణించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 10న టెహ్రానులోని ఆజాదీ స్టేడియమున, కాంబోడియాతో జరిగిన ప్రపంచకప్పు అర్హత ఆటకు, వేలకొలది స్త్రీలను టిక్కెట్లతో లోనికి రానిచ్చి, పురుషులకు వేరుగా ఒక భాగమున కూర్చుండబెట్టిరి. ఇరాను 14–0తో గెలిచెను. కాంబోడియా ఎంత బలహీనమైన జట్టో ఆటకు ముందే అందరికిని తెలియును. ఫలితమును గూర్చి సందేహము తీర్చుకొనుటకు ఆ దినమున ఆ మెట్లపైకి వచ్చిన స్త్రీ ఒక్కతెయు ఉండియుండదు.